కాయిన్ సెల్ బ్యాడ్జీలు ఆపేస్తున్నాం, ధర పెంచుతున్నాం: కారణాలివి

అనంతపురం నుంచి మా కస్టమర్లందరికీ నమస్కారం. కంప్యూటర్ సెక్యూరిటీ కాన్ఫరెన్సులకు, కాలేజీ సీటీఎఫ్ (హ్యాకింగ్ పజిళ్లు విప్పే) పోటీలకు మేం చేసిచ్చే, చిప్, లైట్లు ఉండి మెడలో వేసుకునే ఎలక్ట్రానిక్ బ్యాడ్జీల ధర ఈసారి ఒక్కోదానికి సుమారు 120 రూపాయలు పెరుగుతోంది. కాయిన్ సెల్‌తో (బిళ్లలాంటి చిన్న బ్యాటరీతో) లైట్లు మాత్రమే వెలిగే చవక రకాన్ని పూర్తిగా ఆపేస్తున్నాం. మాకు ఎక్కువ అమ్ముడుపోయేది అదే, కాబట్టి కారణం మీకు తెలియాలి.

వాటిలో వాడే సీఆర్2032 కాయిన్ సెల్ 3 వోల్టులది, సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు దాచుకుంటుంది. కానీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే ఇచ్చే శక్తి దానికి లేదు. ప్రోగ్రాం రాసుకోగలిగే ఈఎస్‌పీ32 చిప్ వైఫైలో డేటా పంపేటప్పుడు 200 మిల్లీ ఆంపియర్లు దాటి లాగుతుంది. ఆ క్షణంలో వోల్టేజీ పడిపోయి చిప్ రీసెట్ అవుతుంది. అందుకని ఆ సెల్‌తో చేసే బ్యాడ్జీలో చిన్న చిప్‌తో, నాలుగు లైట్లతో సరిపెట్టుకోవాలి. కాన్ఫరెన్సు అయ్యేదాకా మెడలో మెరిసి, తర్వాత సొరుగులో పడుంటుంది. ధర్మవరం నుంచి, తాడిపత్రి నుంచి రోజూ బస్సెక్కి వచ్చి మా దగ్గర పనిచేసేవాళ్లు ఒక్కో బోర్డునూ చేత్తో పట్టుకుని పరీక్షిస్తారు. ఆ శ్రమ సొరుగు పాలవుతుంటే మనసొప్పడం లేదు.

లాస్ వెగాస్‌లో జరిగే హ్యాకర్ల కాన్ఫరెన్సు డెఫ్‌కాన్‌కు 2006లో మొదటి ఎలక్ట్రానిక్ బ్యాడ్జీ తయారుచేసింది హార్డ్‌వేర్ హ్యాకర్ జో గ్రాండ్. మరుసటి ఏడాది బ్యాడ్జీలో ఆయన కదలికను కొలిచే యాక్సెలెరోమీటర్‌కు, రేడియో చిప్‌కు బోర్డు మీద చోటు ఖాళీగా వదిలాడు. కావలసినవాళ్లు ఆ భాగాలు తెచ్చుకుని తామే సోల్డర్ చేసుకోవాలి (టంకం పెట్టుకోవాలి). కొన్నవాడి చేతిలో పూర్తయ్యే వస్తువు అది. మేం చెయ్యాలనుకుంటున్నదీ అదే.

కొత్త బోర్డులో ఈఎస్‌పీ32 సీ3 చిప్ ఉంటుంది. యూఎస్‌బీ దానిలోనే ఉంది కాబట్టి మామూలు కేబుల్ గుచ్చి మైక్రోపైథాన్‌లో (చిన్న చిప్‌ల కోసం చేసిన పైథాన్ భాషలో) ప్రోగ్రాం రాసుకోవచ్చు. వెనకవైపు అదనపు చిన్న బోర్డులు తగిలించడానికి ఆరు పిన్నుల యాడ్ ఆన్ కనెక్టర్, ఒక సెన్సర్‌ను సోల్డర్ చేసుకోవడానికి ఖాళీ ప్యాడ్లు. పవర్‌కు ఏ అంగట్లోనైనా దొరికే రెండు డబుల్ ఏ పెన్సిల్ సెల్స్. వాడేకొద్దీ వాటి వోల్టేజీ 3 నుంచి 2 దాకా జారుతుంది, చిప్‌కేమో 3.3 కావాలి. అందుకే మధ్యలో వోల్టేజీని పెంచే బూస్ట్ కన్వర్టర్ పెట్టాం. పెరిగిన ధరలో పెద్ద వాటా దానిదే. లిథియం పాలిమర్ బ్యాటరీ పెడితే సన్నగా, అందంగా ఉంటుందని కొందరు అడిగారు. మన ఎండలకు బస్సు డిక్కీలో పార్సిల్‌గా వెళ్లే పెట్టెలో దాన్ని పెట్టడానికి నేను సిద్ధంగా లేను.

ఇంకో విషయం. పోటీలో పాల్గొనేవాళ్లు బ్యాడ్జీలో ప్రోగ్రాం దాచే ఫ్లాష్ మెమరీని కంప్యూటర్‌లోకి దించుకుని పజిల్ జవాబులు చదివేస్తున్నారు, చిప్‌కు తాళం వెయ్యండి అని ఇద్దరు ముగ్గురు నిర్వాహకులు కోరారు. వెయ్యం. ఫ్లాష్‌ను చదవనివ్వని ఎన్‌క్రిప్షన్, సంతకం లేని ప్రోగ్రాంను నడవనివ్వని సెక్యూర్ బూట్, ఈ తాళాల కోసం చిప్‌లోని ఈఫ్యూజ్ (ఒక్కసారే మార్చగలిగే గుర్తు) ఒకసారి కాలిస్తే మళ్లీ వెనక్కి తేలేం. ఆ తర్వాత బ్యాడ్జీ మెడలో వేసుకున్న విద్యార్థి తన సొంత ప్రోగ్రాం కూడా అందులోకి ఎక్కించుకోలేడు. పైగా ఫ్లాష్ చదవగలిగిన పిల్లవాడు మోసం చేసినట్టు కాదు, హార్డ్‌వేర్ సెక్యూరిటీలో మొదటి పాఠం నేర్చుకున్నట్టు. వాడికి మార్కులు తగ్గించకండి, వేరే విభాగంలో పాయింట్లు ఇవ్వండి. జవాబు దాచాల్సిందే అంటే దాన్ని బ్యాడ్జీలో పెట్టకండి, దిద్దే పని మీ సర్వర్ మీద జరగనివ్వండి. ఆ ప్రోగ్రాం రాయడానికి సాయం కావాలంటే అదనపు డబ్బు లేకుండా మేమే చేస్తాం.

ఆర్డరుతోపాటే సర్క్యూట్ డయాగ్రం, ఫర్మ్‌వేర్ (బోర్డును నడిపే ప్రోగ్రాం) సోర్స్ ఇస్తాం. కనీసం 50 బ్యాడ్జీలు, ఎనిమిది వారాల గడువు. ఏప్రిల్, మే నెలల్లో గడువు పది వారాలు. భాగాలను బోర్డుకు అతికించే సోల్డర్ పేస్ట్‌ను ఫ్రిజ్‌లో దాచినా, పగటి వేడికి దాన్ని పూసే స్టెన్సిల్ (రంధ్రాల రేకు) మీద త్వరగా ఎండిపోతుంది. అందుకే ఆ రెండు నెలలూ అసెంబ్లీ రాత్రిపూటే.

పాత రకానికి అడ్వాన్స్ కట్టినవాళ్లకు అదే ధరకు కొత్త బోర్డు పంపుతాం. పెన్సిల్ సెల్స్ బరువు వద్దనుకుంటే చెప్పండి, డబ్బు మొత్తం వాపసు చేస్తాం.