రెండు లేబుళ్ల మీదా ‘5000’: హెపారిన్ వయల్స్‌పై ఫిర్యాదు

నాణ్యతా విభాగం అధికారి గారికి,

విషయం: ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలకు వాడే హెపారిన్ ఇంజెక్షన్‌లో రెండు బలాల వయల్స్ కలిసి రావడం, వాటి లేబుళ్లు ఒకేలా ఉండడం గురించి.

అయ్యా,

మా ఐసీయూ ఇండెంటులో రాసింది మి.లీ.కి 5,000 యూనిట్ల హెపారిన్, 5 మి.లీ. వయల్స్ 50. వచ్చిన ఐదు పెట్టెల్లో నాలుగు అవే. ఐదోది మి.లీ.కి 1,000 యూనిట్లది. బిల్లులో మాత్రం ఒకటే వరుస: ‘హెపారిన్ 5000, 50 వయల్స్’. అది అబద్ధమని కూడా అనలేం, ఎందుకంటే మీ రెండు లేబుళ్ల మీదా లావుగా అచ్చయిన అంకె 5000. తక్కువ బలందాని మీద అది వయల్ మొత్తంలో ఉన్న యూనిట్లు. ఎక్కువ బలందాని మీద ఒక్క మి.లీ.లో ఉన్నవి. మూత రంగు ఒకటే, అక్షరాల రంగు ఒకటే, సీసా సైజు ఒకటే. తేడా చెప్పాల్సిన ముక్క ఆవగింజంత.

మీ ప్రతినిధిని అడిగితే ‘చదివి వాడుకోవాలి కదండీ’ అన్నారు. కానీ ఈ జబ్బులో పొరపాటు ఒకసారి మందును కొద్దికొద్దిగా ఎక్కించే సిరంజి పంపులోకి ఎక్కితే రక్త పరీక్ష కూడా దాన్ని దాచిపెడుతుంది.

60 కిలోల రోగిని తీసుకోండి. కోవిడ్‌తోనో ఫ్లూతోనో చేరారు, ఊపిరితిత్తుల ధమనిలో పెద్ద గడ్డ ఉంది. మొదటి డోసు కిలోకి 80 యూనిట్లు, అంటే 4,800. ఆ తర్వాత గంటకు కిలోకి 18 చొప్పున 1,080. మేం ఒక వయల్‌ని 45 మి.లీ. సెలైన్‌లో కలిపి 50 మి.లీ. సిరంజిలో పెడతాం. మి.లీ.కి 500 యూనిట్లు అవుతుంది, పంపు గంటకు 2.16 మి.లీ. మీద నడుస్తుంది. చిన్న బలం వయల్ పడితే పంపు మీద అంకె అదే, రోగికి వెళ్లేది మాత్రం గంటకు 216 యూనిట్లే. ఐదో వంతు. గడ్డ పెరుగుతూనే ఉంటుంది.

ఆరు గంటలకు ఏపీటీటీ, అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం, చూస్తాం. మామూలు విలువకు ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్లు రావాలి, రాదు. మామూలు రోగి అయితే వెంటనే మందు మీద అనుమానం వచ్చేది. కానీ వైరల్ జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లలో రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్, ఫ్యాక్టర్ 8 బాగా పెరిగి ఉంటాయి, హెపారిన్‌ని పట్టుకునే ప్రొటీన్లూ పెరుగుతాయి. సరైన డోసు ఇచ్చినా ఏపీటీటీ కదలకపోవడం వాళ్లలో చూస్తూనే ఉంటాం. కాబట్టి డ్యూటీ డాక్టరు ‘హెపారిన్‌కి లొంగడం లేదు’ అనుకుని, పద్ధతి ప్రకారమే గంటకు కిలోకి 22కి, మరో ఆరు గంటలకు 26కి పెంచుతారు. యాంటీ-టెన్ఏ పరీక్ష ఉంటే అసలు మందు ఎంత ఉందో తేలుతుంది. అది మా దగ్గర లేదు.

ఈ లెక్కన ఆ సిరంజి సుమారు 19 గంటలకు ఖాళీ అవుతుంది. అప్పటికి షిఫ్టు మారి ఉంటుంది. కొత్త సిస్టర్ సరైన వయల్‌తో సిరంజి నింపుతారు, పంపు పెంచిన గంటకు 3.12 మి.లీ. దగ్గరే ఉంటుంది. రోగికి వెళ్లే మందు ఒక్క నిమిషంలో గంటకు 312 యూనిట్ల నుంచి 1,560కి. ఈ దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. బీపీ పై అంకె 15 నిమిషాలకు మించి 90 లోపే ఉండిపోతే గడ్డ కరిగించడానికి ఆల్టెప్లేజ్ 100 మి.గ్రా. రెండు గంటల్లో ఎక్కిస్తాం, లేదా బరువును బట్టి టెనెక్టెప్లేజ్ 30 నుంచి 50 మి.గ్రా. ఇస్తాం. అలాంటివారికి ఆ మర్నాడే హెపారిన్ ఐదు రెట్లయితే మెదడులో రక్తస్రావానికి దారి వేసినట్టే. హెపారిన్‌కి విరుగుడు ప్రోటమిన్ ఉంది, 100 యూనిట్లకు 1 మి.గ్రా. లెక్కన, ఒకసారికి 50 మి.గ్రా. మించకుండా. అది మందుకే విరుగుడు. కారిన రక్తం కోసం న్యూరోసర్జన్‌ని వెతుక్కుంటూ కాకినాడకో రాజమండ్రికో అంబులెన్సు ఎక్కించాలి.

‘ఎనాక్సపారిన్ వాడుకోవచ్చుగా’ అన్నది మీ రెండో జవాబు. అది చర్మం కింద ఇచ్చే మరో రకం హెపారిన్. నిలకడగా ఉన్నవారికి వాడుతున్నాం, కిలోకి 1 మి.గ్రా. చొప్పున 12 గంటలకోసారి. షాక్‌లో ఉన్నవారికి, కిడ్నీలు పనిచేయనివారికి, ఏ క్షణాన గడ్డ కరిగించే మందు ఇవ్వాల్సి వస్తుందో తెలియనివారికి మామూలు హెపారినే కావాలి, ఆపితే కొన్ని గంటల్లో దిగిపోతుంది గనుక. అంటే మీ వయల్ చేరేది వార్డులో అందరికన్నా ప్రమాదంలో ఉన్న మనిషికి.

ఇలా జరుగుతుందని కొత్తగా తెలిసిందేమీ కాదు. 2006లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో మి.లీ.కి 10 యూనిట్ల బదులు 10,000 యూనిట్ల హెపారిన్ పడి ముగ్గురు పసికందులు చనిపోయారు. అక్కడా రెండు వయల్స్ లేబుళ్లూ నీలం రంగువే. 2020లో ముడిసరుకు ధర పెరిగిందని మన దేశంలో హెపారిన్ గరిష్ఠ ధరను 50 శాతం పెంచుకోనిచ్చారు. రెండు రంగుల మూతలకు అంత ఖర్చు కాదనుకుంటాం.

మా ట్రాలీ దగ్గర ఇద్దరు చూసి సంతకం పెట్టే పద్ధతి ఉంది కాబట్టి ఆ పెట్టెలో ఒక్క వయల్ కూడా రోగి దాకా వెళ్లలేదు. పదీ సీలు చేసి విడిగా పెట్టాం, బ్యాచ్ నంబర్లు, ఫొటోలు జతచేశాం. ‘వచ్చే ట్రిప్పులో మార్చేస్తాం’ అని స్టాకిస్టు అంటున్నారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే మా వైపు లంకల దారులు మునగడం మొదలవుతుంది, సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఆగుతుంది. వరద రోజుల్లో వచ్చే ట్రిప్పు అన్న మాటకు అర్థం లేదు. సరైన వయల్స్ పది వారం లోపు పంపండి.

ఇదే బ్యాచ్ వెళ్లిన మిగతా ఆసుపత్రులకు ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా తెలియజేయండి. బిల్లులోనూ పెట్టె మీదా మి.లీ.కి ఎన్ని యూనిట్లో, వయల్ మొత్తంలో ఎన్నో రెండూ రాయండి. లేబుల్ మీద లావు అంకె మొత్తం యూనిట్లదే ఉండాలి, ఎక్కువ బలందానికి ‘25,000’ అని. మూతలకు వేర్వేరు రంగులు వేయండి. ఎప్పటి నుంచి మారుస్తారో 15 రోజుల్లో జవాబివ్వండి. ఈ లేఖ ప్రతిని ఔషధ నియంత్రణ శాఖకు, మందుల వల్ల కలిగే హానిని గమనించే భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి కూడా పంపుతున్నాం.

ఇట్లు,
ఐసీయూ వైద్యులు, ఫార్మసిస్టులు, నర్సింగ్ ఇన్‌ఛార్జి
కోనసీమ