గుంటూరు బస్సు త గణం

విజయవాడ,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

స్వాతి చేతికిచ్చిన కందిపొడి అందిందా? నెయ్యి సీసా మూత గట్టిగా పెట్టుకో, చీమలు పడతాయి. ఇక్కడ అందరం బాగున్నాం. బామ్మ మోకాళ్ళకి కొత్త నూనె తెచ్చాం. బుల్లిమామయ్య మళ్ళీ ఇల్లు మారాడు, ఈసారి సత్యనారాయణపురం. నీ ఫోన్ రాక రెండు ఆదివారాలైంది. హాస్టల్లో ఫోన్ దగ్గర క్యూ ఉంటుందిగా, అందుకే ఏమీ అనుకోలేదు.

స్వాతి మాటల్లో చెప్పింది, తెలుగు పరీక్షలో నువ్వు వ్యాకరణం మొత్తం వదిలేసి పేపరు ఇచ్చేశావని. మార్కులెన్నని అడగడం లేదు. భయపడ్డావేమోనని నా దిగులు.

సంధులంటే భయం దేనికి? చిన్నప్పుడు నువ్వు తలుపు వెనక దాక్కుంటే "నువ్వెక్కడున్నావే" అని పిలిచేదాన్ని. నువ్వు, ఎక్కడ కలిస్తే ఉత్వ సంధి. ఎక్కడ, ఉన్నావే కలిస్తే అత్వ సంధి. ఒక్క పిలుపులో రెండున్నాయి. రోజూ నోట్లో ఆడే మాటల్నే కాగితం మీద విడదీయమంటున్నారు, అంతే.

గణాలు, అదే పద్యంలో అక్షరాల జట్లు, కష్టమే, కాదనను. ఏడో తరగతిలో ఒకసారి నా తెలుగు పేపరు నిండా ఎర్ర సిరాయే. బియ్యం డబ్బాలో దాచాను. సాయంత్రం అమ్మమ్మ బియ్యం కొలుస్తుంటే బియ్యంతో పాటు అదీ పైకొచ్చింది. తాతయ్య ఒక్క మాట అనలేదు. చెప్పులేసుకుని "పద" అన్నారు. కృష్ణలంక నుంచి బస్టాండుకి నడిచాం. ఒక్కో బస్సు బోర్డూ చూపించి, ఏ అక్షరం బరువుగా పలుకుతుందో (గురువు), ఏది తేలిగ్గా పలుకుతుందో (లఘువు) నా అరచేతిలో వేలితో గురులఘువులు పెట్టించారు. గుంటూరు: సున్న ఉంది కాబట్టి గుం గురువు, దీర్ఘం కాబట్టి టూ గురువు, రు లఘువు. గణాలు గుర్తుపెట్టుకునే మాట యమాతారాజభానసలగంలో తా నుంచి మూడక్షరాలు 'తారాజ', అదే వరస. అంటే త గణం. ఏలూరూ అంతే, ఒంగోలూ అంతే. నెల్లూరులో నె పొట్టిదే కదా, గురువెలా అయిందని అడిగాను. పక్కనున్న ద్విత్వం బరువు ముందక్షరం మీద పడుతుందన్నారు. అన్నీ త గణమేనా అని విసుక్కునేలోపు తెనాలి బస్సొచ్చింది. తె లఘువు, నా గురువు, లి లఘువు. జ గణమని నేనే అరిచాను. తాతయ్య సోడా తాగించారు. ఆ పేపరు ఊసు ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎత్తలేదు.

ఒక్క దగ్గర జాగ్రత్త. వట్రుసుడి ఒత్తు కాదు, ఋ అనే అచ్చు. విక్రమలో పక్కనున్న క్ర వల్ల వి గురువు, వికృతిలో వి లఘువే. కృష్ణమ్మలో కృ గురువైంది వట్రుసుడి వల్ల కాదు, పక్కనున్న ష్ణ వల్ల. ఇక్కడే చాలామందికి మార్కులు పోతాయి. ఇంకోటి, పద్యం పేరు ముందే ఊహించుకుని గణాలు సర్దకు. గురులఘువులు పెట్టు, మూడేసి విడదీయి. భ ర న భ భ ర వ వస్తే అప్పుడు ఉత్పలమాల, యతి, అంటే పాదం మొదటక్షరంతో పొంతన కుదరాల్సిన చోటు, 10వ అక్షరం. రోజుకొక్క పాదం చెయ్యి చాలు. రాత్రి పదిన్నర దాటాక మాత్రం పుస్తకం ముట్టుకోకు. చూశావా, ఏమీ చెప్పకూడదనే మొదలుపెట్టాను.

నిజంగా మొత్తం వదిలేశావా తల్లీ? కడుపులో నొప్పి గానీ వచ్చిందా?

వచ్చే ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వస్తున్నా. సున్నుండలు తెస్తాను. ఆ పేపరు చించేయకు, నీ దగ్గరే ఉంచు, ఇద్దరం కూర్చుని చూద్దాం. ఈలోపు వీలైతే ఒక్కసారి ఫోన్ చెయ్యి. తలకి నూనె పెట్టుకో.

అమ్మ