ఈయూలో చేరితే లాభం ఎవరికి, ఎన్నేళ్లకు?

సంపాదకులకు,

ఉక్రెయిన్, మోల్డోవాలతో ఐరోపా సమాఖ్య (ఈయూ) 2024 జూన్‌లో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టినప్పటి నుంచి, అందులో చేరితే పేద దేశం ఇట్టే బాగుపడుతుందన్న మాట వినిపిస్తోంది. లాభం ఉంది, కాదనం. అది ఎవరికి, ఎన్నేళ్లకు అన్నది మాత్రం చేరే ముందు కుదిరే షరతుల్లోనే తేలిపోతుంది.

ఎస్తోనియా సంగతే చూడండి. 2004 మే 1న చేరేదాకా అక్కడ దిగుమతి సుంకాలు దాదాపు లేవు. ఆ రోజు నుంచి, బయటి సరుకుపై ఈయూ దేశాలన్నీ ఒకేలా వేసే ఉమ్మడి సుంకమే దానికీ వర్తించింది. అప్పట్లో ఈయూ తన బీట్‌దుంప రైతుల కోసం పంచదార ధరను టన్నుకు 631.9 యూరోల దగ్గర నిలబెట్టేది. ప్రపంచ ధరకు అది ఇంచుమించు మూడింతలు. ధర పెరుగుతుందని ముందే తెలిసి, ఇంట్లో జామ్ పెట్టుకునే అలవాటున్న జనం పంచదార కొని దాచుకున్నారు. వ్యాపారులూ తక్కువ తినలేదు. చివరకు, చేరకముందు చవకగా కొన్న సరుకు 91 వేల టన్నులు అదనపు నిల్వ ఉందని తేల్చి ఈయూ ఆ ప్రభుత్వంపై జరిమానా వేసింది. ఇళ్లలో ఉన్నదీ లెక్కలో కలిపింది. జనాభా 14 లక్షల లోపే, అంటే తలకు 65 కిలోల పైమాటే!

సంకిలి, భీమసింగి వైపు చెరకు రైతులకు ఈ లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది. పంచదార దిగుమతిపై మన దేశమూ 2018 నుంచి 100 శాతం సుంకం వేస్తోంది. దాన్ని పెంచాలన్నా తగ్గించాలన్నా ఢిల్లీ చాలు. ఎస్తోనియాకు ఆ వీలు పోయింది.

రైతు సాయమూ ఒక్కసారిగా రాలేదు. 2004లో చేరిన దేశాల రైతులకు పాత సభ్యదేశాల్లో ఇచ్చేదాంట్లో 25 శాతంతో మొదలుపెట్టి, 2013కి గానీ ఈయూ పూర్తిగా ఇవ్వలేదు. పాత సభ్యదేశాల సరుకుతో పోటీకి మాత్రం అలాంటి వెసులుబాటు లేదు, మొదటి రోజు నుంచే.

కూలీల రాకపోకల్లోనూ అంతే. కొత్త సభ్యదేశాలవారికి బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ వెంటనే తలుపులు తీస్తే, జర్మనీ, ఆస్ట్రియా 2011 దాకా ఆపాయి. వలసలకు తోడు కాన్పులు తగ్గి, 2004లోనే చేరిన లాత్వియాలో 2000లో 23 లక్షలు దాటిన జనాభా 2020 నాటికి 19 లక్షలకు పడిపోయింది. గుజరాత్‌లోని వేరావల్‌కు వలసపోయే మన మత్స్యకార గ్రామాల్లో ఇదే చూస్తున్నాం: డబ్బు ఇంటికొస్తుంది, పనిచేసే వయసువాళ్లు ఊళ్లో ఉండరు.

పోలండ్ నిలదొక్కుకుంది నిజమే. అది సొంత నాణెం జ్లోటీని వదలలేదు. 2009 మాంద్యంలో జ్లోటీ విలువ తగ్గి ఎగుమతులకు ఊతం దొరికింది. యూరోకు మారిన గ్రీసుకు 2010 అప్పుల సంక్షోభంలో ఆ దారి లేదు.

ఉక్రెయిన్ ధాన్యాన్ని పోలండ్, హంగరీ 2023లోనే అడ్డుకున్నాయి. రేపటి ఒప్పందంలో ముందుగా చూడాల్సింది సాగు సాయానికి, ధాన్యం రాకకు ఎన్నేళ్ల గడువు పెడతారన్నదే.

– అర్థశాస్త్ర అధ్యాపకులు, విజయనగరం