ఆదివారం పందేల లెక్క

సీతాఫల్‌మండి, హైదరాబాద్

చిరంజీవి చిన్నికి నాన్న దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. ఊటీ చలి నీకు పడిందని, ఆకలి బాగా వేస్తోందని విని మీ అమ్మ ఊరట చెందింది. మొన్న ఫోనులో నేను ఎత్తిన ఉద్యోగం మాటను "తర్వాత చూద్దాంలే నాన్నా" అంటూ రెండుసార్లు దాటవేశావు. ఉత్తరమైతే నా మాట పూర్తయ్యేదాకా అడ్డు రాలేవని కాగితం ముందు కూర్చున్నాను.

రైల్వే క్రీడా కోటా ఉద్యోగానికి ఈ నెలాఖరులోగా సమ్మతి తెలపాలి. నువ్వేమో అది వద్దని, జనవరిలో ముంబయిలో మొట్టమొదటి పూర్తి మారథాన్ పరిగెత్తి, ఆ బహుమతి సొమ్ముతోను, ఆదివారం రోడ్డు పందేలతోను ఏడాది నెట్టుకొస్తానని అంటున్నావు. ముప్పై ఏళ్ళు పద్దులు రాసినవాణ్ణి కనుక ముందుగా నీ పద్దే తీశాను. గడచిన ఏడాది నువ్వు 14 పందేలు పరిగెత్తావు. చేతికి వచ్చింది 1,86,000 రూపాయలు. ప్రయాణాలకు, బసకు 52,000, బూట్లకు 41,000, స్కానింగుకు, ఫిజియోథెరపీకి 38,000, ఇంటి తిండికి పైన అయిన ఆహారం ఖర్చు 60,000. అంటే ఏడాదంతా కాళ్ళు అరగదీసుకుని ఐదు వేలు నష్టపోయాం. ఒక ఊళ్ళో వేదిక మీద తలుపంత పెద్ద అట్ట చెక్కు పట్టించి ఫోటో తీసిన నిర్వాహకులు ఆ పదిహేను వేలు ఇప్పటికీ పంపలేదు. దాన్ని నేను వసూలు కాని పద్దులో రాసి వదిలేశాను.

ఈ లెక్కలో నా తప్పు కూడా ఉంది. నీ మొదటి బహుమతితో ఫ్రిజ్ కొన్న రోజున వీధిలో అందరికీ చెప్పుకున్నవాణ్ణి నేనే. ఆ తర్వాత ఏ ఆదివారం ఎక్కడ పందెం ఉందో నీకంటే ముందు నేనే వెతకసాగాను. యూనివర్సిటీ రోడ్డు మీద ఆ తెల్లవారుజాము నీకు గుర్తుండే ఉంటుంది. నేను టీవీఎస్ మీద స్టాప్‌వాచీతో నీ వెనకాలే వస్తున్నాను. ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా ఉన్నట్టుండి ఆగిపోయి, వంగి, ఎడమ కాలి ముంగాలు ఎముక మీద బొటనవేలితో ఒకేచోట నొక్కుకున్నావు. నొక్కినచోట నీ ముఖం ఎలా ముడుచుకుందో వీధిదీపం వెలుగులో నాకు స్పష్టంగా కనిపించింది. అయినా నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఆదివారానికి సర్దుకుంటుందా?" అని. నువ్వు తల ఊపావు, ఆదివారం పరిగెత్తావు, రెండో స్థానం తెచ్చావు. ఎముకకు సన్నటి పగులు పట్టిందని ఆ తర్వాతి వారం స్కానింగులో తేలింది. పదకొండు వారాలు నువ్వు మంచం పక్కన గోడకు కాళ్ళు ఆనించుకుని గడిపిన రోజులను ఏ పద్దులో రాయాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

ఇక మారథాన్ సంగతి. మన దేశపు రన్నర్ ఓ.పీ. జైషా 2015లో బీజింగ్ ప్రపంచ పోటీల్లో 2 గంటల 34 నిమిషాల 43 సెకన్లలో పరిగెత్తి జాతీయ రికార్డు నెలకొల్పింది. అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్ళు. దోహా ఆసియా క్రీడల్లో 5,000 మీటర్ల కాంస్యం గెలిచింది 2006లో, అంటే ట్రాక్ మీద పేరు తెచ్చుకున్న దాదాపు తొమ్మిదేళ్ళకు ఈ మారథాన్ రికార్డు. అంతటి పరుగుకు కూడా పారిస్ ఒలింపిక్స్ అర్హత ప్రమాణమైన 2 గంటల 26 నిమిషాల 50 సెకన్లకు దాదాపు ఎనిమిది నిమిషాల దూరం ఉంది. ఆ ప్రమాణాన్ని కిలోమీటర్లతో భాగించి చూశాను: కిలోమీటరుకు 3 నిమిషాల 29 సెకన్లు. నీ 10,000 మీటర్ల ఉత్తమ సమయం 34 నిమిషాల 50 సెకన్లు. దాన్నీ భాగిస్తే సరిగ్గా అదే 3 నిమిషాల 29 సెకన్లు వచ్చింది. నువ్వు 25 చుట్లు ఉన్న శక్తినంతా ఊడ్చి పరిగెత్తి, చివర గడ్డి మీద వెల్లకిలా పడిపోయే వేగం ఏదో, ఆ వేగంతో ఒలింపిక్స్ అర్హత కోరేవాళ్ళు 42 కిలోమీటర్లు సాగాలి. కండరాల్లోను, కాలేయంలోను దాచుకున్న చక్కెర 30 కిలోమీటర్ల ప్రాంతంలో అడుగంటుతుందని మీ కోచ్ గారే నాకు చెప్పారు. ఆ తర్వాతి పన్నెండు కిలోమీటర్లు దేనితో పరిగెడతావు? ముందు ట్రాక్ మీద ఆ 34 నిమిషాలు 33 కావాలి, 32 కావాలి.

కెన్యా మారథాన్ వీరుడు కిప్టమ్ పేరు ఎత్తుతావని తెలుసు. నిజమే, ఆ కుర్రవాడు 2022 డిసెంబరులో వాలెన్సియాలో తొలి మారథాన్‌నే 2 గంటల 1 నిమిషం 53 సెకన్లలో ముగించి, మరుసటి అక్టోబరులో చికాగోలో 2 గంటల 35 సెకన్లతో ప్రపంచ రికార్డు సృష్టించాడు. 2024 ఫిబ్రవరిలో ఇరవై నాలుగేళ్ళకే కారు ప్రమాదంలో పోయాడు. ఆ శరీరం ఇంకెన్నేళ్ళు అలా పరిగెత్తి ఉండేదన్న ప్రశ్నకు జవాబు లేకుండా పోయింది. అదే కెన్యాకు చెందిన కిప్చోగే అయితే 2003లో పారిస్‌లో 5,000 మీటర్ల ప్రపంచ విజేత అయ్యాక పదేళ్ళకు, 2013లో హాంబర్గ్‌లో తొలి మారథాన్ పరిగెత్తాడు. నీకు ఇరవై రెండేళ్ళు. నేను కిప్చోగే దారినే నమ్ముతాను. ముసలివాడి చాదస్తమనుకున్నా సరే.

మీ అమ్మ పక్కనే కూర్చుని ఒక మాట తప్పకుండా రాయమంటోంది. పరుగుకు తగినంత తిండి తినకపోతే ఆడపిల్లలకు నెలసరి ఆగిపోతుందని, అది ఆగితే ఎముకలు బలహీనపడతాయని డాక్టరమ్మ నీ కాలి స్కాన్ చూసినప్పుడు చెప్పింది కదా. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని అక్కడ ఎవరైనా అంటే వినవద్దని, నెలనెలా తేదీలు తనకు చెప్పమని అమ్మ మాట. నాకు చెప్పడానికి మొహమాటపడతావు కనుక తనకే ఫోను చెయ్యి.

ఉద్యోగంలో చేరితే కౌంటరులో కూర్చోబెడతారని, పరుగు మూలపడుతుందని నీ భయం. ఉత్తరప్రదేశ్ రన్నర్ పారుల్ చౌధరి రైల్వే ఉద్యోగిగా ఉంటూనే 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 5,000 మీటర్ల స్వర్ణం గెలిచింది. ఆఖరి మీటర్లలో జపాన్ అమ్మాయిని దాటిన ఆ పరుగును మనిద్దరం టీవీలో కలిసే చూశాం. బంగారం గెలిస్తే తమ రాష్ట్ర పోలీసు శాఖలో డీఎస్పీ ఉద్యోగం ఇస్తారన్న సంగతే చివరి యాభై మీటర్లలో తన మనసులో మెదిలిందని ఆమె తర్వాత విలేకరులతో దాపరికం లేకుండా చెప్పింది. జీతం గురించి ఆలోచించినందుకు ఆమె పరుగేమీ తగ్గలేదు. నెలకు ఇంత అని వస్తే ఏ ఆదివారం పరిగెత్తాలో నువ్వూ, మీ కోచ్ గారూ నిర్ణయిస్తారు. బహుమతి ఎంతో చూసి నేను నిర్ణయించే పని ఉండదు.

మన ఊరి ఆగస్టు మారథాన్ మాత్రం వదులుకోవద్దు. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా ఆ ఫ్లైఓవర్ల ఎక్కుదిగుళ్ళు నీకు ఇష్టమని తెలుసు. ఏడాదికి ఒక్కసారి, హాఫ్ మాత్రమే, సరదాకు.

నీ ధ్రువపత్రాలన్నీ మూడు జతలు నకలు తీయించి, గెజిటెడ్ సంతకాలు చేయించి బీరువాలో పెట్టాను. పదో తరగతి మెమోలో నీ ఇంటిపేరు ఒక అక్షరం తప్పు పడింది. దానికి అఫిడవిట్ కావాలంటున్నారు, అందులో నీ సంతకం ఉండాలి. కనుక ఇరవయ్యో తేదీ లోపల రెండు రోజులు వచ్చి వెళ్ళు. వచ్చేటప్పుడు తడిసిన బూట్లు సంచిలో కుక్కి తీసుకురావద్దని, లోపల కాగితాలు దోపి తెమ్మని అమ్మ చెబుతోంది.

ఆశీస్సులతో,
నాన్న