మంత్రి గారూ, మేం ఎక్కడున్నామో చెప్పుకోడానికి నాలుగు రాళ్ళు పాతించండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. మీకు రాయడం ఇది అయిదోసారి. మొదటి నాలుగూ మీ బల్ల దాకా వచ్చి ఉండవు లెండి. వచ్చి ఉంటే ఇలా పదిమందీ చదివేలా రాసే పని పడేది కాదు.

ట్రెక్కింగ్ దారుల పథకం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? బోర్డులు, గైడ్లు, మధ్యలో కూర్చోడానికి పాకలు, అన్నీ కాగితం మీద ఉన్నవే. వాటన్నిటిలో నేను అడిగేది అతి చవకైనది. దారి పొడుగునా అర కిలోమీటరుకొకటి చొప్పున నంబరు వేసిన రాయి పాతించండి. కరెంటు స్తంభానికి నంబరుంటుంది. రైలు పట్టాల పక్కన రాయికి నంబరుంటుంది. అలిపిరి మెట్ల మీద నంబర్లు చూసుకుంటూ, ఇంకా ఇన్ని ఉన్నాయని నిట్టూరుస్తూనే కదా అందరం ఎక్కేది. మా కొండదారికే ఆ భాగ్యం లేదు.

ఎందుకింతగా అడుగుతున్నానో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

నిరుడు మార్చిలో ఒక ఆదివారం పదకొండు మందిమి కొండెక్కాం. అందరం అరవై దాటినవాళ్ళమే. ఏ కొండో ఇక్కడ రాయను. రాస్తే తెల్లారేసరికి అక్కడ గేటు దగ్గరుండే కుర్రాడికి మెమో వస్తుంది, దారి మాత్రం అలాగే ఉంటుంది. సముద్రం వైపు వాలులో దిగుతూ గెడ్డ, అంటే కొండవాగు, దాటాక, మాతో వచ్చిన టీచరమ్మ జారి పడ్డారు. మన కొండలన్నీ ఖొండలైట్ రాయి. చూడ్డానికి బండలాగే ఉంటుంది, ఎండకీ వానకీ పెళుసెక్కి, అడుగు వేస్తే పొరలు పొరలుగా ఊడి వస్తుంది. ఆవిడ చీలమండ విరిగింది. టైము తొమ్మిదీ నలభై.

కింద లోయలో సిగ్నల్ లేదు. ఇద్దరం మళ్ళీ పైకెక్కి 108కి ఫోన్ చేశాం.

"ఎక్కడున్నారు సార్?"

"కొండ మీదమ్మా."

"కొండకి ఏ వైపు? దగ్గర్లో ఏదైనా గుర్తు చెప్పండి."

చుట్టూ చూశాను. ఒక పెద్ద జీడిమామిడి చెట్టు, దాని కింద రెండు బండలు. అదే చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఆ కొండ మీద జీడిమామిడి చెట్లు వేలల్లో ఉంటాయి, ప్రతి చెట్టు కిందా రెండు బండలుంటాయి. లొకేషన్ పెట్టమంది ఆ అమ్మాయి. మాట్లాడ్డానికే సిగ్నల్ వచ్చీ పోతూ ఉంటే ఇంటర్నెట్ ఎక్కణ్ణుంచి వస్తుంది? పాపం, ఆ అమ్మాయి ఎంతో ఓపిగ్గానే అడిగింది. ఆంబులెన్స్ కూడా చెప్పిన టైముకే వచ్చింది, కానీ కొండకి అవతలి వైపు ఊళ్ళోకి వచ్చి ఆగింది. డ్రైవరు తప్పు కాదు, నా తప్పూ కాదు. మా ఇద్దరికీ మధ్య పేరున్న చోటు ఒక్కటీ లేదు, అంతే.

చివరికి మమ్మల్ని కాపాడింది జీడిపిక్కలు ఏరుకునే నలుగురు. "ఏటి బాబూ, ఇది పశువుల తోవ కదా, ఇలాగొచ్చేసినారేటి?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. పశువుల తోవకీ మీ శాఖ ట్రెక్కింగ్ తోవకీ తేడా మాకెలా తెలుస్తుంది చెప్పండి? 2014లో హుద్‌హుద్ తుఫానుకి చెట్లు పడిపోయి పాత తోవలు ఎన్నో మూసుకుపోయాయి. మేకలు కొత్తవి వేసుకున్నాయి. ఆ లెక్కన దారులేసే శాఖగా మేకలకే ఎక్కువ మార్కులు పడతాయి. ఆ నలుగురూ రెండు వెదురు గెడలకి దుప్పటి కట్టి డోలీ చేశారు. కిందకి చేరేసరికి ఒంటిగంట దాటింది. దారి పొడుగునా ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు, పళ్ళు బిగించుకుని ఆకాశం కేసి చూస్తూ ఉన్నారు. డోలీ అంటే ఏజెన్సీలో నిండు చూలాళ్ళని మోసుకెళ్ళే ఫొటోగానే నాకు తెలుసు. పేపర్లో చూసి అయ్యో అనుకుని పేజీ తిప్పేవాణ్ణి. ఇప్పుడు తిప్పలేకపోతున్నాను. ఆ ఊళ్ళకి కావలసింది రోడ్డు, మాకు కావలసింది రాయి. మాదే చిన్న కోరిక, ఒప్పుకుంటాను. చిన్నదే కదా మరి, ఎందుకవ్వదు?

ఇక అర్జీల కథ. మొదటిదానికి జవాబొచ్చింది, సదరు దారి మా పరిధిలోనిది కాదని. నిజమే, ఆ దారి రెవెన్యూ భూమిలో మొదలై, అడవిలో నడిచి, ఇసుకలో దిగుతుంది. ఒక్కొక్కరు ఒక్కో ముక్కకి యజమాని. టీచరమ్మ కాలు మాత్రం ఎవరి పరిధో వాకబు చేసుకుని విరగలేదు. రెండోదానికి, మీ సమస్య పరిష్కరించబడింది అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారో తెలిస్తే వెళ్ళి దండ వేద్దామనుకున్నాను. మూడోసారి ఇద్దరు వచ్చి, కొండ మొదట్లో నిలబడి, నన్ను కూడా నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. మూడు నెలల్లో పని మొదలవుతుందన్నారు. మొదలైంది కూడా, కాదనను. కారు పార్కింగ్ దగ్గర లైట్ల అక్షరాలతో సెల్ఫీ పాయింట్ వెలిసింది. బాగుంది. కొండ మీద చీకటి పడి దారి తప్పినవాళ్ళకి దూరం నుంచి కనిపిస్తుంది. నాలుగోదానికి రసీదు తప్ప ఏమీ లేదు.

మనకేం తక్కువ మంత్రి గారూ? నగరాన్ని ఆనుకునే సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం. ఒక పక్క హైవే, ఆ రోడ్డు దాటితే జూ, దాన్నీ దాటితే సముద్రం. పొద్దున్న అడవిలో నడిచి మధ్యాహ్నానికి కెరటాల్లో కాళ్ళు పెట్టొచ్చు. భీమిలి రోడ్డులో తొట్లకొండ, బావికొండ. ఆ పేర్లు చూడండి. భిక్షువులు నీళ్ళు పట్టుకోడానికి బండలో తొట్లు తొలిచారు కాబట్టి తొట్లకొండ, బావులున్నాయి కాబట్టి బావికొండ. అంటే రెండు వేల ఏళ్ళ కిందటివాళ్ళు కొండెక్కి వచ్చేవాడికి ఆనవాలు వదిలి వెళ్ళారన్నమాట. మనం వదిలింది బిస్కెట్ పాకెట్లు. మంగమారిపేట రాతి తోరణం దగ్గర ఆటు సమయంలో రాళ్ళ మీదుగా హాయిగా నడిచి వెళ్ళొచ్చు, పోటు మొదలైతే అదే దారి నీళ్ళలో ఉంటుంది. ఆ సంగతి అక్కడి మత్స్యకారుల పిల్లలకి తెలుసు, హైదరాబాద్ నుంచి వీకెండ్‌కి వచ్చిన పిల్లలకి తెలీదు. ఎర్రమట్టి దిబ్బలు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి వెళ్ళాయని అందరం స్వీట్లు పంచుకున్నాం. ఆ దిబ్బల మధ్య గెడ్డలోకి దిగి చూడండి ఒకసారి. ఎటు చూసినా అదే ఎరుపు, అదే గోడ, అదే మలుపు. పది నిమిషాలకి సముద్రం ఎటుందో కూడా చెప్పలేం.

చిరుతలున్నాయి, పాములున్నాయి, అందుకే జనాన్ని ప్రోత్సహించట్లేదు అని ఒక ఆఫీసులో అన్నారు. సరే, అలాగైతే మూసేయండి. గొలుసు కట్టి తాళం వేస్తే మేమే మొదట ఇంటికెళ్ళిపోతాం. మూసిందీ కాదు, తెరిచిందీ కాదు, టికెట్ కోసినంత వరకూ తెరిచినట్టు, కాలు విరిగాక మూసినట్టు, ఇదేం లెక్క? రక్తపింజరి కరిచినవాడికి ప్రతి నిమిషమూ లెక్కే. వాణ్ణి వెతకడానికే మూడు గంటలు పడితే ఇక చెప్పేదేముంది.

పక్క రాష్ట్రం సంగతి ఎత్తితే మీకు కోపం వస్తుందేమో. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు రేగి ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. తర్వాత వాళ్ళు నిబంధనలు రాసుకున్నారు, దారులు ఎంచుకున్నారు. 2024 అక్టోబరులో నలభై దారులు తెరిచారు. ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోవాలి, వెంట స్థానిక గైడు ఉంటాడు. మా డోలీ మోసిన ఆ నలుగురికి ఇలాంటి పని ఇస్తే కాదంటారా? వాళ్ళకి ఆ కొండ మా వీధి నాకు తెలిసినట్టు తెలుసు. ఆ రోజు డబ్బిస్తామంటే తీసుకోలేదు, జీడిపిక్కలు ఏరుకోవాలని వెళ్ళిపోయారు.

దయచేసి రాళ్ళు వేయించండి. బోర్డులు తర్వాత, పాకలు తర్వాత, సెల్ఫీ పాయింట్‌కి రెండో రంగు లైట్లు ఇంకా తర్వాత. ముందు రాళ్ళు.

మీకు తెలియాల్సినది ఇంకొకటి ఉంది. ఎదురుచూసి విసుగొచ్చి, మొన్న జనవరిలో మేమే బకెట్టు సున్నం, రెండు కుంచెలు పట్టుకెళ్ళి, దారిలో కనిపించిన బండల మీద ఒకటి నుంచి పధ్నాలుగు వరకు అంకెలు వేశాం. తప్పే. అడవిలో రాళ్ళకి రంగు పూయకూడదని తెలిసే వేశాం. నాలుగు అర్జీలకి కదలని యంత్రాంగం దీనికి ఎనిమిది రోజుల్లో కదిలింది. నోటీసు ఇంటికే వచ్చింది, రిజిస్టర్డ్ పోస్టులో. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వమన్నారు.

ఇస్తాను. కాకపోతే అందులో మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. "సదరు బండలు ఖచ్చితంగా ఏ ప్రదేశమున ఉన్నవో తెలుపవలెను" అని ఉంది. ఏమని రాయమంటారు సార్?

ఇట్లు,
మీ విధేయుడు,
విశాఖపట్నం