సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: వానరాత్రి వచ్చిన వీడియో

గౌరవ సభ్యులకు నమస్కారం.

మురుగు కాలువల పూడికతీత, వీధి దీపాల మరమ్మతు, బతుకమ్మ ఏర్పాట్లు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక సంఘ భవనం గోడకు అంటించాం, చూడగలరు. ఈ నివేదికలో ఎక్కువ చోటు మాత్రం ఒక్క విషయానికే ఇస్తున్నాను. ఆపద వేళ మన ఫోన్లలో తిరిగిన పుకార్ల గురించి ఈ ఏడాది మనం చాలా నేర్చుకున్నాం. ఆ పాఠానికి కొంత మూల్యం కూడా చెల్లించాం.

2024 ఆగస్టు 31, శనివారం. వాన తెరిపి ఇవ్వలేదు. రాత్రి పది దాటాక కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. మన వరంగల్ భద్రకాళి చెరువు కట్ట తెగిందని, దిగువ కాలనీలవాళ్లు వెంటనే ఇళ్లు ఖాళీ చేయాలని, అందరికీ పంపాలని దాని కింద రాసి ఉంది. 2023 జులైలో ఆ కట్టకు పోతన నగర్ వైపు నిజంగానే గండి పడింది. ఆ భయం ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి ఎవరం ఆగి ఆలోచించలేదు. రెండో వీధిలో ఒక పెద్దాయన ఇంటి కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, కరెంటు లేని చీకట్లో మేడ మెట్లెక్కుతూ జారిపడ్డారు. మణికట్టు విరిగింది. ఇంటర్ చదివే ఆయన మనవరాలు పక్కనే కూర్చుని ఆ వీడియో మళ్లీ చూసింది.

"తాతా, ఇందులో పట్టపగలు. ఇప్పుడు రాత్రి కదా!"

అది 2023 నాటి వీడియో. గ్రూపులో అంతమందిమి చూశాం, నేనూ చూశాను. ఆ వెలుతురు ఒక్కరి కంటా పడలేదు. కంట్రోల్ రూముకు ఫోను చేస్తే కట్ట భద్రంగా ఉందన్నారు. ఆ మాట గ్రూపులో పెట్టి ఊపిరి పీల్చుకున్నాం. కానీ వీడియో అప్పటికే కాజీపేట, కరీమాబాద్ బంధువులదాకా పోయింది. మన సవరణ మాత్రం మన గ్రూపు దాటలేదు. అర్ధరాత్రి దాటినా "క్షేమమేనా?" అంటూ ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

మరునాడు దీనికి పూర్తిగా తలకిందులైన సంగతి జరిగింది. ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరదకు కట్ట కొట్టుకుపోయి రైలు పట్టాలు గాలిలో వేలాడుతున్న ఫొటో వచ్చింది. "ఇదీ రాత్రి దాని లాంటిదే" అని చాలామంది కొట్టిపారేశారు. అది అక్షరాలా నిజం. విజయవాడ వెళ్లాల్సిన ఒక కుటుంబం పిల్లలతో వరంగల్ స్టేషనులో గంటల తరబడి పడిగాపులు పడింది. అన్నీ నమ్మడం ఎంత ప్రమాదమో, ఏదీ నమ్మకపోవడమూ అంతే ప్రమాదమని నాకు ఆ రోజే అర్థమైంది. 2023లో వరదలో చిక్కుకున్న మోరంచపల్లి ప్రజలు ఇళ్ల పైకప్పులెక్కి సాయం కోసం వేడుకున్నదీ ఫోన్లలోనే. దాన్ని పుకారని తోసేస్తే ఏమయ్యేది?

అందుకే అక్టోబరు సమావేశంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరు చూశారు, ఎక్కడ, ఎప్పుడు? ఈ మూడింటికీ జవాబు లేని సందేశం ముందుకు పంపము. వాట్సాప్ సందేశం పైన జంట బాణాల గుర్తుంటే అది చాలా చేతులు మారిందని అర్థం. పిల్లలను ఎత్తుకుపోతున్నారన్న పుకార్లు మనుషుల ప్రాణాలు తీశాక, 2018లో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డును ఒకేసారి అయిదు చాట్లకు పరిమితం చేసింది. 2020 ఏప్రిల్ నుంచి జంట బాణాల సందేశం ఒకసారికి ఒక్క చాట్‌కే పోతుంది. రైళ్ల సంగతికి 139, ప్రాణాపాయమైతే 112.

విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 54వ సెక్షన్ ప్రకారం తప్పుడు హెచ్చరికతో భయాందోళన రేపితే ఏడాది వరకు జైలు పడవచ్చు. దీన్ని బోర్డు మీద రాయాలని కొందరు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. భయపెడితే పంపినవారు సందేశం తుడిచేసి మౌనంగా ఉంటారు, అబద్ధం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ వీడియో పెట్టిన సోదరి మరునాడు తాను పంపిన ప్రతి గ్రూపులోనూ "నేను పంపింది పాతది, క్షమించండి" అని స్వయంగా రాశారు. బంధువుల ఫోన్లు ఆగింది ఆ తర్వాతే. ఆమెను ఒక్కరూ ఎత్తిపొడవలేదు. ఈ ఏడాది మన కాలనీలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన సంగతి అది.

పెద్దాయన చేయి అతుక్కుంది. వానాకాలానికి ముందు, జూన్ మొదటి ఆదివారం ఉదయం, పాత వీడియోలను గుర్తుపట్టడం ఆయన మనవరాలే సంఘ భవనంలో నేర్పుతుంది. ఫోన్లు వెంట తెచ్చుకోండి. చదవడం రాని పెద్దలను కూడా తప్పక తీసుకురండి, వాయిస్ సందేశాలు ఎక్కువగా నమ్మేది వారే.

— కార్యదర్శి