గడప తీయొద్దంది మా అమ్మ

ఒరే మావా,

ఎలా ఉన్నావురా, పిల్లలెలా ఉన్నారు. పక్షవాతం వచ్చి ఆమదాలవలసలో ఒంటరిగా ఉంటున్న మీ నాన్నగారి గురించి మొన్న ఫోన్లో నువ్వు "నాన్నని హైదరాబాద్ తెచ్చీసుకుంటాను, ఇంక గొడవ వదిలిపోద్ది" అన్నావు కదా, అప్పుడు షాపులో జెరాక్స్ కోసం జనం నిలబడి ఉన్నారు, ఏటీ అన్లేకపోయాను. రాత్రి పడుకున్నాక మాత్రం అదే మాట బుర్రలో తిరిగింది. అందుకే ఇంత పెద్దది రాస్తన్నాను, ఓపిగ్గా మొత్తం చదివి అప్పుడు నీ ఇష్టం.

మా అమ్మ సంగతి నీకు సగమే తెలుసు. రెండేళ్ల కిందట కార్తీకమాసంలో తెల్లారగట్ల పెరట్లో బాత్రూంకి వెళ్ళి గచ్చు మీద జారిపోయింది, తుంటి ఎముక విరిగింది, విజయనగరంలోనే ఆపరేషన్ చేయించాం. తరవాత అన్నయ్య విశాఖ తీసుకెళ్ళిపోయాడు, నాలుగో అంతస్తు ఫ్లాటు, లిఫ్టుంది, ఏసీ ఉంది, వదిన కూడా నిజంగా బాగా చూసింది, మంచినీళ్ళు కూడా చేతికే అందించీది. నలభై రోజులయ్యాక నేను వెళ్తే అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉందిరా. వాకర్ మూల పెట్టీసి దాని మీద తువ్వాళ్ళు ఆరేశారు. "అమ్మా, నడుస్తన్నావా" అంటే "ఎక్కడికి నడవాలిరా?" అంది. నాకు జవాబు లేదు. ఆ ఇంట్లో ఆవిడ నడిచి వెళ్ళి చేసుకోవాల్సిన పని ఒక్కటీ లేదు.

అప్పుడే ఊరికి తెచ్చీసాను, గరివిడి దగ్గర మన పెంకుటింటికే. చుట్టాలందరూ తిట్టారు, ఒంటరిగా వదిలీసావని. నేను వదల్లేదు మావా, ఇంటినే ఆవిడకి సరిపోయేలా మార్చాను, అది ఎలా చేశానో నీకు చెప్పాలి.

మొదట్లో నేనూ తప్పే చేశాను. ఆవిడ్ని అడక్కుండా మేస్త్రీని పిలిచి గడపలన్నీ తీయించీమన్నాను, వాకర్ తగులుతుంది కదా అని. ఆవిడ మంచం మీంచే గట్టిగా అరిచింది, "గడప తీయొద్దు, యాభై ఏళ్ళు పసుపు రాసిన గడప" అని. సరే అని వడ్రంగిని పిలిచి గడపకి ఇటూ అటూ వాలుగా చెక్కలు చేయించాం, వాకర్ ఎక్కి దిగిపోతుంది. ఇప్పుడు శుక్రవారం ఎత్తు స్టూలు మీద కూచుని కర్రకి గుడ్డ చుట్టి పసుపు రాస్తాది, బొట్లు పక్కింటి గుంట పెడతాది. తుంటి ఆపరేషన్ అయినోళ్ళు బాసింపట్టు వెయ్యకూడదు, గొంతుక్కూచోకూడదు, తుంటి కన్నా మోకాలు పైకి వచ్చేలా కిందికి కూచోకూడదని డాక్టర్ చెప్పాడు, అందుకే స్టూలు.

ఆ రోజు నుంచి నేను చేసిన పని ఒక్కటే, "రోజులో నీ చేత్తో నువ్వు చేసుకోవాల్సిందేటమ్మా" అని అడిగాను. ముందుగా కూరలు తరగడం అంది. కత్తిపీట మీద కింద కూచుని తరిగీది కదా, ఇప్పుడు కింద కూచోలేదు. కత్తిపీటని బల్ల మీద పెట్టి రెండు క్లాంపులతో బిగించాం, కుర్చీలో కూచుని వంకాయలు, ఆనపకాయ అన్నీ తనే తరుగుతాది. ఆ మొదటి రోజు వంకాయ ముక్కలు నీళ్ళల్లో వేస్తుంటే ఆవిడ మొహం చూడాలిరా. ఇంక చోడి అంబలి కాచుకోడం, తులసికోట దగ్గర దీపం పెట్టుకోడం, స్నానం ఎవరూ చూడకుండా చేసుకోడం. స్నానమే అన్నింటికన్నా కష్టమైంది.

బాత్రూం గురించి కొంచెం వివరంగా చెప్తాను, మీ నాన్నగారికీ ఇదే పనికొస్తాది. నున్నటి గచ్చు కొట్టించి పార్కింగ్ టైల్స్ వేయించాను, కార్లు నిలిపే చోట వేసే గరుకువి. వెస్ట్రన్ సీటు పెట్టించాను. పట్టుకోడానికి స్టీలు పైపు, చేతికి గుప్పిట్లో నిండుగా పట్టేంత లావు. టవల్ రాడ్ పట్టుకుని లేవడం మాత్రం వద్దు, అది ఊడిపోతాది, మనిషి పడతారు. మా గోడ పాతది, బోల్టులు నిలవవని మేస్త్రీ అంటే నేల్లో సిమెంటుతో స్తంభంలాగ పాతీసాం. తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పించాం, ఎందుకంటే లోపల పడిపోతే మనిషే తలుపుకి అడ్డంగా ఉంటారు, బయటోళ్ళు తోసినా రాదు. గడియ కూడా బయట నుంచి తియ్యగలిగేదే. మంచం నుంచి అక్కడి దాకా దారిలో చిన్న లైట్లు, మనిషి కదిలితే వాటంతటవే వెలిగేవి. నులకమంచం తీసీసి మామూలు మంచం కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టాం, కూచుంటే పాదాలు రెండూ నేలకి ఆనాలి, అదే కొలత. బీపీ మాత్రలు వేసుకునే మనిషి కాబట్టి లేచిన వెంటనే నిలబడదు, మంచం అంచున కాసేపు కూచుని అప్పుడు లేస్తాది.

మా వీధిలో పోలియో కాళ్ళతో కిరాణా కొట్టు నడిపే మావయ్య ఉన్నాడు కదా, ట్రైసైకిల్ మీద వచ్చీవాడు, అమ్మ దగ్గరికి అరుగు ఎక్కలేక వీధిలోంచే మాట్లాడీవాడు. ఆయన కోసం అరుగు మీదికి ర్యాంప్ కట్టించాను. అరుగు అడుగున్నర ఎత్తు, నేను ఆరడుగుల పొడవు చాలనుకున్నాను. ట్రైసైకిల్ సగం ఎక్కి వెనక్కి జారింది, పక్కనున్నోళ్ళు పట్టుకోబట్టి సరిపోయింది, నాకు ఇప్పటికీ గుండె గుబేలంటాది. లెక్కేటంటే ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలంట, అంటే మాకు పద్దెనిమిది అడుగులు. వీధిలో అంత జాగా లేదు, గోడ పక్క నుంచి ఎల్ ఆకారంలో తిప్పి కట్టాం, మలుపులో చదునుగా ఆగడానికి చోటు కూడా. ఇప్పుడు సాయంత్రమయ్యీసరికి ఇద్దరూ అరుగు మీద కబుర్లే.

ఆయనకి పింఛన్ 6,000, అమ్మకి 4,000, ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు ఇంటికే వచ్చి ఇచ్చి వెళ్తారు. 2024 జూలై నుంచి ఈ రేట్లు, పూర్తిగా మంచం పట్టినోళ్ళకి 15,000. కానీ మావయ్యకి సదరం సర్టిఫికెట్, అదే వైకల్యం ఎంతుందో డాక్టర్లు చూసి ఇచ్చే కాగితం, తెచ్చుకోడానికి ఎన్ని తిరుగుళ్ళో, ఒకసారి ఆయన్ని మెట్ల మీద పాక్కుంటూ ఎక్కించారు, అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతాది. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, ఏడు రకాల వైకల్యాలు గుర్తించే చోట 21 చేశారు, జనం వచ్చే భవనాలకి ర్యాంప్‌లు ఉండాలన్నారు, ఆ కాగితం మీదున్నది మెట్ల దగ్గర కనిపించాలి కదా మావా. అమ్మకి వినికిడి మిషన్ మాత్రం వయోశ్రీ క్యాంపులో ఇచ్చారు. ఆ పథకం 2017లో మన నెల్లూరులోనే మొదలెట్టారు, పేదోళ్ళైన పెద్దోళ్ళకి కర్రలు, వాకర్లు, కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళు ఇస్తారు.

ఇంక మీ నాన్నగారి సంగతి. ఆయనకి పక్షవాతం ఎడమ వైపు వచ్చింది కదా. మొన్న ఆమదాలవలస వెళ్ళినప్పుడు చూశాను, కర్ర ఎడం చేత్తో పట్టుకుందామని తంటాలు పడుతున్నారు. కర్ర మంచి చేతిలో ఉండాలిరా, అంటే కుడి చేతిలో. చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి వదిలీస్తే మణికట్టు ఎక్కడికొస్తాదో కర్ర పిడి అక్కడికి ఉండాలి. ఆయన కర్ర పొడుగైపోయింది, కింద రబ్బరు బుడిపి కూడా అరిగిపోయింది, దాన్ని బేగి మార్చాలి. మెట్లెక్కినప్పుడు మంచి కాలు ముందు, దిగినప్పుడు బలం లేని కాలు ముందు. చొక్కా వేసుకునేటప్పుడు ఎడం చెయ్యి ముందు దూర్చాలి, విప్పినప్పుడు అది ఆఖర్న. ఇవన్నీ మా అమ్మకి ఫిజియో చేయడానికొచ్చే అబ్బాయి చెప్పినవే. రైల్వే పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ కోసం నవంబర్లో ఆయన్ని బ్యాంకుకి లాక్కెళ్ళక్కర్లేదు, ఫోన్లో మొహం చూపించి జీవన్ ప్రమాణ్ చేసీయొచ్చు.

ఒంటరిగా ఉంటే రాత్రేదైనా అయితే ఎలా అని నీ భయం, అది నాకూ ఉంది, లేదనను. మా అమ్మ పొద్దున్న ఆరింటికి ఇత్తడి చెంబు అరుగు మీద పెడతాది. పాలు పోసే ఆయన ఆ చెంబు లేకపోతే లోపలికి పిలుస్తాడు, పలక్కపోతే పక్కింట్లో తాళం తీసుకుని వెళ్తాడు, నాకు ఫోన్ చేస్తాడు. రెండేళ్ళలో రెండుసార్లు చెంబు కనిపించలేదు, ఒకసారి మర్చిపోయింది, రెండోసారి జ్వరం. ఆ జ్వరం రోజు ఎనిమిదింటికల్లా నేను బండి మీద ఊళ్ళో ఉన్నాను. మెళ్ళో బెల్లు కూడా ఉంది, నొక్కితే పక్కింట్లో మోగుతాది.

మీ నాన్నగారు నాతో ఒక మాట అన్నారు, నీకు చెప్పొద్దన్నారు కూడా, కానీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. "పొద్దున్న స్టేషన్ బయట టీ తాగి, ఒక రైలు వెళ్ళడం చూసి రాగలిగితే చాలు బాబూ, నాకింకేటీ వద్దు" అన్నారు. నలభై ఏళ్ళు ఆ పట్టాల మీదే బతికిన మనిషి. ఇంటి నుంచి టీ కొట్టుకి మధ్యలో ఆయన్ని ఆపుతున్నవి మీ ఇంటి ముందు రెండు మెట్లు, మురిక్కాలవ మీద ఊగే రాతి పలక. అంతే మావా, చూసి వచ్చాను.

వచ్చే ఆదివారం పాసింజర్ ఎక్కి శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో, అదే మీ ఆమదాలవలసలో దిగుతాను, టేపు తెస్తాను, మా మేస్త్రీని కూడా తీసుకొస్తాను, ఆయనకి ఆ రోజు ఖాళీయే. నువ్వు ఈలోగా నాన్నగారికి ఫోన్ చేసి నేనొస్తున్నానని చెప్పు, హైదరాబాద్ మాట ఇప్పుడే ఎత్తకు. మెట్ల పక్కన పైపు ఎంత ఎత్తులో కావాలో ఆయన్నే నిలబెట్టి కొలుస్తాను, ఫొటోలు పెడతాను, డబ్బులు తరవాత చూసుకుందాం. ఇంకోటి, మీ ఇంటి రెండో తాళం ఎవరి దగ్గరుందో రాయి.

ఉంటాను మరి.